జానెడు దూరం

క్లబ్బు, చదువుకునే గది, కిటికీ పక్క బల్ల

చిరంజీవి వాగుడుకాయకు పెదనాన్న ఆశీస్సులు.

ఫోను ఉండగా ఈ ఉత్తరాల గోల ఏమిటని విసుక్కోకు. క్లబ్బు ఆవరణలో ఫోను మోగకూడదన్న నియమం పెట్టిందే నేను. నా రోజంతా ఇక్కడే గడుస్తుంది కాబట్టి నాకు ఫోను ఉన్నా లేనట్టే. పైగా ఉత్తరంలో నువ్వు నా మాటకి అడ్డు రాలేవు. అదొక సుఖం.

అసలు సంగతికి వస్తాను. మా గోల్ఫ్ క్లబ్బు ముసలిదైపోయింది. నిన్న భోజనాల గదిలో చుట్టూ చూస్తే జుట్టు నల్లగా ఉన్నవాడు వడ్డించేవాడొక్కడే కనిపించాడు. అది కూడా రంగేనని మీ నాన్న అంటాడు. పాతవాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతున్నారు, కొత్తవాళ్ళు రావడం లేదు. ఇలాగే సాగితే గడ్డి కోయించే దిక్కు కూడా ఉండదని కార్యదర్శి గగ్గోలు పెట్టాడు. కుర్రకారు ఎందుకు రావడం లేదో కనుక్కునే పని మర్యాదల కమిటీకి అప్పగించారు. కమిటీ అంటే నేనే. మిగతా ఇద్దరిలో ఒకాయనకి వినపడదు, ఇంకొకాయన వినడు.

కిందటి వారం ఓ కుర్ర జంట చూసిపోదామని వచ్చింది. మంచి పిల్లలే. అబ్బాయి కాలరు లేని చొక్కా వేసుకొచ్చాడు, చూసీచూడనట్టు ఊరుకున్నాను. మాతో ఆడే ఇంజనీరు గారు బంతి కొట్టబోతుండగా అమ్మాయి ఫోను పాట అందుకుంది. ఇంజనీరు గారి బంతి వెళ్ళి నీళ్ళలో పడింది. ఈ పూటకి బయట కూర్చోండమ్మా అని మెత్తగానే చెప్పాను. వాళ్ళు బయట కూర్చోలేదు, బయటికే వెళ్ళిపోయారు. ఇందులో నా తప్పేముందో చెప్పు.

నీకు ఆట నేర్పింది నేను. పదిహేనేళ్ళు నిండాయో లేదో కర్ర అవతల పారేశావు. ఎందుకని ఏనాడూ అడగలేదు. ఇప్పుడు కమిటీ తరఫున అడుగుతున్నాను, నిజం రాయి.

మీ నాన్న బాగున్నాడు. ఆదివారం ఆట ఎప్పటిలాగే నడుస్తోంది. ఈ మధ్య వాడే గెలుస్తున్నాడు. గెలిచాక టోపీ తీసి, చెయ్యి చాపి, నా ముందు నిలబడతాడు. ఆట అయ్యాక టోపీ తీసి చెయ్యి కలపడం మర్యాదే, కాదనను. అలా పళ్ళు ఇకిలించడం మాత్రం ఏ మర్యాదల్లోనూ లేదు.

పెదనాన్న


లిఫ్టుల కంపెనీ ఆఫీసు, ఫోన్లు మోగని మధ్యాహ్నం

పెదనాన్నకు వాగుడుకాయ నమస్కారాలు.

నా పేరు సార్థకం చేసుకునే ఉద్యోగమే దొరికిందని మీకు తెలుసుగా. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే మా నంబరుకి చేస్తారు. మెకానిక్కు చేరేదాకా నేను వాళ్ళతో మాట్లాడుతూ ఉండాలి. ఏం తిన్నారు, పిల్లలెంతమంది, ఏదో ఒకటి. ఫోనులో అవతల నిశ్శబ్దమైతే నా గుండె జారిపోతుంది. మీరు నిశ్శబ్దానికి కాపలా కాస్తారు, నేను దానికి జీతం తీసుకుని అడ్డుపడతాను. మనిద్దరం ఒకే ఇంటి మనుషులమంటే ఎవరూ నమ్మరు.

నిజం రాయమన్నారు కదా, రాస్తున్నాను. మా ఆఫీసులో కుర్రవాళ్ళని కూడా అడిగాను. వారానికి దొరికే ఒక్క సెలవంతా ఒకే ఆట తినేస్తే ఎలా అన్నాడు ఒకడు. అది పైకి చెప్పే మాట. అసలు సంగతి భయం. కొత్తగా వచ్చినవాడికి బంతి సరిగ్గా కొట్టడం రాకపోతే సిగ్గు ఉండదు పెదనాన్నా, నేర్చుకుంటాడు. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు నడవాలో, తన నీడ ఎవరి బంతి మీద పడుతోందో తెలియక బిక్కచచ్చిపోతాడు. తప్పు చేశాక గానీ అది తప్పని ఎవరూ చెప్పరు. చెప్పేటప్పుడు పదిమంది చూస్తుంటారు.

నేనెందుకు మానేశానో మీకు నిజంగా గుర్తులేదా? నాన్న కొట్టిన బంతి ఎక్కడి నుంచో ఎగిరొచ్చి నేరుగా గుంటలో పడింది. ఆనందం పట్టలేక "నాన్నా!" అని గట్టిగా అరిచాను. పక్క గుంట చుట్టూ ఉన్న నున్నటి గడ్డి, ఆ గ్రీన్ మీద ఎవరిదో బంతి గురి తప్పింది. మీరు నన్ను వెంటబెట్టుకెళ్ళి, ఆ నలుగురికీ వరసగా క్షమాపణ చెప్పించారు. నాన్న టోపీ చేతిలో పట్టుకుని తల దించుకు నిలబడ్డారు. ఆయన అంత బాగా కొట్టిన దెబ్బ గురించి ఆ రోజు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు నేను రానని చెప్పాను. అంతే.

ఇంకో రెండు మాటలు. నాన్న ఫోనులో మీ మీద మొరపెట్టుకున్నారు. స్నేహంగా ఆడేచోట బంతి గుంటకి జానెడు దూరంలో ఆగితే, "ఇచ్చేశాను, తీసుకో" అని, కొట్టకుండానే గుంటలో పడినట్టు లెక్కేయడం మీ ఆటలో మామూలే కదా. మీరు ఈ మధ్య అదీ ఇవ్వడం లేదట. "మీ పెదనాన్న నా చేత ప్రతిదీ కొట్టిస్తున్నాడే" అన్నారు.

నవ్వుతూనే అన్నారు గానీ, ఆ మాటల మధ్య ఒకచోట ఆగిపోయారు. "కుర్చీ" అనే మాట కోసం వెతుక్కున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే కొట్టిపారేశారు. నేను ఇంత దూరాన ఉన్నాను. మీరే కాస్త కనిపెట్టి ఉండండి.

వాగుడుకాయ


క్లబ్బు, అదే బల్ల, బయట వాన

చిరంజీవి వాగుడుకాయకు,

నీ ఉత్తరం కమిటీకి చదివి వినిపించాను. వినపడని ఆయన తల ఊపాడు. వినని ఆయన లేచి వెళ్ళిపోయాడు. నేను మాత్రం రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. నీ అరుపు నాకు గుర్తుంది. దాన్ని ఇన్నాళ్ళూ నువ్వు మోసుకు తిరుగుతున్నావని అనుకోలేదు.

అయినా నా మాట కూడా విను. ఇన్నేళ్ళు వకీలుగా బతికాను. అవతలివాడు నోరు విప్పగానే అడ్డం పడటమే నా పని, దానికే నాకు ఫీజు. ఇంట్లోనూ అదే అలవాటైంది, మీ పెద్దమ్మ ఉన్నన్నాళ్ళూ ఒక్క వాక్యం పూర్తిగా చెప్పనిచ్చి ఎరగను. నేను ఊపిరి బిగబట్టి ఇంకొకడి కోసం నిలబడేది ఆ గ్రీన్ మీద ఒక్కచోటే. వాడు నన్ను ఓడించబోతున్నాడని తెలుసు. ఓడించడానికి వాడికి కావలసిన నిశ్శబ్దం నేనే ఇస్తాను. ఇంతకంటే పెద్దమనిషి తరహా పని నేను ఎక్కడా చెయ్యలేదు. దాన్ని చూసి పిల్లలు భయపడి పారిపోతున్నారంటే నాకు కష్టంగానే ఉంది.

బంతి ఇవ్వడం సంగతా? అది దయ తల్లీ, హక్కు కాదు. వాడు వారం వారం గెలిచి ఇకిలిస్తుంటే నాకు దయ ఎక్కడి నుంచి పుట్టుకొస్తుంది?

వాడి ఆరోగ్యానికేం, గుండ్రాయిలా ఉన్నాడు. మాట తడబడటమంటావా, వాడు చిన్నప్పటి నుంచీ నత్తలా నెమ్మదే. కంచం ముందు కూడా ఆలోచిస్తూ కూర్చునేవాడు. ఈమధ్య బంతి ముందు మరీ ఎక్కువసేపు నిలబడుతున్నాడు, అది నన్ను ఉడికించడానికి. నువ్వు లేనిపోని బెంగ పెట్టుకోకు.

వానలు తగ్గాక కుర్రవాళ్ళ కోసం ఒక రోజు పెడుతున్నాం. నువ్వు రావాలి. ఈసారి అరిచినా ఏమీ అనను.

పెదనాన్న


ఇల్లు, ముందు గది

అమ్మా,

ఆసుపత్రి వరండాలో నువ్వు నా పక్క నుంచే అటూ ఇటూ తిరిగావు, పలకరించలేదు. కంగారులో ఉన్నావనుకున్నాను. తరవాత మీ నాన్నని మీ ఊరు తీసుకెళ్ళిపోయావని నర్సు చెబితే తెలిసింది. ఖాళీ మంచం దగ్గర కాసేపు నిలబడి వచ్చేశాను.

ఎలా జరిగిందో నా నోటితో చెప్పాలి కదా. ఆఖరి గ్రీన్. ఆట సమంగా ఉంది. వాడి బంతి గుంటకి బాగా దూరంలో ఆగింది, వాలు చూసుకుని కొట్టాల్సిన దెబ్బ. కర్ర పట్టుకుని బంతి ముందు నిలబడ్డాడు. మాతో ఆడుతున్న పళ్ళ డాక్టరు, ఇంజనీరు, నేను, పద్ధతి ప్రకారం నీడలు పడకుండా పక్కకి తప్పుకున్నాం. వెనక వస్తున్నవాళ్ళు కూడా ఆగారు. వాడు కదల్లేదు. మేమూ కదల్లేదు. ఎవరూ దగ్గను కూడా లేదు. కష్టమైన దెబ్బ కదా, ఆలోచిస్తున్నాడనుకున్నాం. చాలాసేపటికి కర్ర చేతిలోంచి జారింది. దాని వెనకాలే వాడూ ఒరిగిపోయాడు. అప్పుడు పరిగెత్తాం. వాడి నోరు ఒక పక్కకి లాగేసి ఉంది.

ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చెయ్యగలిగిందంతా చేశాం.

డాక్టర్లు ఏమంటున్నారో రాయి. ఎప్పుడు రమ్మంటే అప్పుడు బయలుదేరతాను. నా గొంతు వింటే వాడికి కాస్త ధైర్యంగా ఉంటుంది. చిన్నప్పుడు జ్వరమొస్తే నేను పక్కన కూర్చుంటే గానీ మందు మింగేవాడు కాదు.

పెదనాన్న


నా ఇల్లు, నాలుగో అంతస్తు, నాన్న మంచం పక్కన

పెదనాన్న గారికి,

నాన్నకి కుడి చెయ్యి లేవదు. కుడి కాలు ఈడుస్తున్నారు. మాట పోయింది. ఒక్క మాట మిగిలింది, "సరే". నీళ్ళు కావాలా అంటే సరే. నొప్పిగా ఉందా అంటే సరే. నేనెవరిని నాన్నా అని అడిగితే కూడా సరే అన్నారు. స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చి వచ్చాను.

పక్షవాతం ఇంకోసారి వస్తే తట్టుకోలేరని ఇక్కడి డాక్టరు చెప్పింది. మొదటి నిమిషాలు చాలా విలువైనవని కూడా చెప్పింది. ఆ నిమిషాలు ఏమయ్యాయో నేను ఆమెకి చెప్పలేకపోయాను. ఎలా చెప్పను? మా వాళ్ళు మర్యాదస్తులు డాక్టరుగారూ, అందుకని చూస్తూ నిలబడ్డారు అని చెప్పనా?

నిన్న పళ్ళ డాక్టరు గారు ఏదో పని మీద ఈ ఊరు వచ్చి నాన్నని చూసిపోయారు. వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర ఆగి కళ్ళు తుడుచుకున్నారు. "జానెడు దూరం బంతి తల్లీ, ఎవరైనా ఇచ్చేస్తారు, ఆయన ఇవ్వలేదు" అన్నారు. మీరు వాలు, దూరం, కష్టమైన దెబ్బ అని రాశారు. మీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. జానెడు దూరంలో ఉన్న బంతి ముందు మనిషి అంతసేపు నిలబడితే ఏదో అయిందని పసిపిల్లలకి కూడా తెలుస్తుంది. మీరు గడియారం చూసుకున్నారట. విసుగ్గా చూసుకున్నారట.

మీరు "ఇచ్చేశాను" అని ఉంటే నాన్న తల తిప్పలేకపోవడం అప్పుడే బయటపడేది. "ఏరా" అన్నా చాలు. లిఫ్టులో ఇరుక్కున్న ముక్కూమొహం తెలియని మనిషిని నేను ఒక్క నిమిషం మౌనంగా వదలను. మీరు సొంత తమ్ముణ్ణి వదిలేశారు. కనిపెట్టి ఉండమని రాసి మరీ అడిగాను.

ఆ రోజు నా అరుపుకి నలుగురికి క్షమాపణ చెప్పించారు. ఇప్పుడు మీ నిశ్శబ్దానికి ఎవరు ఎవరికి చెప్పాలి?

మీరు రావద్దు. మిమ్మల్ని చూస్తే నేనేమంటానో నాకే తెలియదు, అది నాన్న చెవిన పడటం నాకిష్టం లేదు.

ఇట్లు
మీ తమ్ముడి కూతురు


ఇల్లు, ముందు గది

అమ్మా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడం, చించడం, ఇదే పనిగా ఉన్నాను. వకీలు బుద్ధి, ప్రతిసారీ రెండో పేజీకల్లా నా తరఫున వాదన మొదలవుతోంది. ఈసారి ఒక్క పేజీయే తీసుకున్నాను.

జానెడే. పళ్ళ డాక్టరు చెప్పింది నిజం. ఆ బంతి పడితే వాడు గెలుస్తాడు. నేను ఇవ్వనని ఊరుకున్నాను. వాడు కదలకుండా నిలబడితే, ఇవ్వలేదని అలిగి నన్ను పదిమందిలో సాధిస్తున్నాడనుకున్నాను. నువ్వెంతసేపు నిలబడతావో నేనూ అంతసేపు నిలబడతాను అనుకున్నాను. పైకి చూసేవాళ్ళకి అది మర్యాద. లోపల మా ఇద్దరి చిన్నప్పటి పంతం. అందులో ఒకడు అప్పటికే లేడని నాకు తెలియలేదు.

గ్రీన్ పక్కన ఉన్న మర్యాదల బోర్డు మీద ఒక వాక్యం చేర్చమని అడిగాను. "ఎవరైనా బంతి ముందు మరీ ఎక్కువసేపు కదలకుండా నిలబడితే, పేరు పెట్టి పిలవండి." కమిటీ ఒప్పుకోలేదు. అలా రాస్తే క్లబ్బులో ఏదో జరిగిందని ఒప్పుకున్నట్టవుతుందట. వినని ఆయన మొదటిసారి నా మాట పూర్తిగా విన్నాడు, విని వద్దన్నాడు.

కుర్రవాళ్ళ రోజు జరిగింది. వేసిన కుర్చీలు చాలావరకు ఖాళీ. వచ్చిన కాసిని పిల్లలూ గోడ వారగా, మాట పడిపోయినట్టు నిలబడ్డారు. నువ్వు రాసింది అప్పుడు కళ్ళారా చూశాను. వాళ్ళకి నేను మర్యాదలు చెప్పాలి. లేచాను. మా తమ్ముడి సంగతి చెప్పాను, బంతి ఎంత దూరంలో ఉందో కూడా చెప్పాను. కార్యదర్శి మధ్యలో లేచి ఫలహారాలు సిద్ధంగా ఉన్నాయన్నాడు. ఒకమ్మాయి బయటికి వెళ్తూ "మీ తమ్ముడు ఇప్పుడెలా ఉన్నారండీ?" అని అడిగింది. తెలియదమ్మా అన్నాను. ఆ తరవాత కోటుకున్న కమిటీ బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి వచ్చేశాను. మళ్ళీ అటు వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుంటే ఎవరూ మాట్లాడరు. మౌనమంటే ఇష్టమనుకునేవాణ్ణి. ఇది తినేస్తోంది.

వాడి కర్ర, టోపీ, ఆ రోజు బంతి నా దగ్గరే ఉండిపోయాయి. పార్సిల్ చేసి పంపుతున్నాను. వాటిని ఏం చేసినా నీ ఇష్టం. నన్ను రమ్మని అడగడానికి నాకు ముఖం లేదు.

పెదనాన్న


నా ఇల్లు, నాలుగో అంతస్తు, నడవాలో నేల మీద కూర్చుని

పెదనాన్నకు,

పార్సిల్ వచ్చిన రోజు విప్పకుండా బీరువా మీద పడేశాను. మీ చేతిరాత కూడా చూడబుద్ధి కాలేదు. కర్ర పిడి మాత్రం అట్టపెట్టె పట్టక బయటికి పొడుచుకొచ్చింది. నాన్న మంచం మీద నుంచి రోజూ దాన్నే చూసేవారు. చూస్తున్నారని నాకు తెలుసు, తెలియనట్టు దుప్పటి సర్దేదాన్ని.

ఇవాళ పొద్దున కాఫీ ఇచ్చి వెనక్కి తిరిగేసరికి ఆయన లేచి గోడకి ఆనుకుని, ఎడమ చేత్తో ఆ పెట్టెని లాగుతున్నారు. పడతారని పరిగెత్తాను. "సరే, సరే" అని కసిరారు. విప్పి ఇచ్చాను. టోపీ తనంతట తనే పెట్టుకున్నారు, వంకరగా.

నడవాలోకి నడిపించుకెళ్ళాను. గుంట ఎక్కడి నుంచి తేను? గాజు గ్లాసు అడ్డంగా పడుకోబెట్టాను. బంతి దూరంగా పెడితే తల అడ్డంగా ఊపారు. దగ్గరికి జరిపాను. ఇంకా ఊపారు. ఇంకా జరిపాను. గ్లాసుకి జానెడు దూరం చేశాక ఆగమన్నట్టు కర్రతో నేల మీద తట్టారు. అప్పుడు నాకు అర్థమైంది పెదనాన్నా. నేనెవరినో ఆయనకి ఒక్కోరోజు తెలియదు. ఆ బంతి ఎక్కడ ఆగిందో మాత్రం తెలుసు.

ఎడమ చేత్తో కర్ర పట్టుకుని బంతి ముందు నిలబడ్డారు. నేను గోడకి ఆనుకుని పక్కకి తప్పుకున్నాను. నా నీడ పడుతోందని ఇంకాస్త జరిగాను కూడా. ఎన్నేళ్ళయినా మీరు నేర్పింది ఒంట్లోంచి పోలేదు. ఆయన కదల్లేదు. నేను ఊపిరి బిగబట్టాను. ఇంకా కదల్లేదు. కింద వీధిలో బండ్లు వెళ్తున్నాయి, పై అంతస్తులో ఎవరో కుర్చీ జరిపారు, ఆయన మాత్రం అలాగే నిలబడి ఉన్నారు. మీరు ఆ రోజు ఎలా నిలబడ్డారో మొదటిసారి తెలిసింది. మాట్లాడితే ఆయనకి దక్కాల్సిందేదో పాడుచేస్తానేమోనని నాకూ నోరు రాలేదు. నా ఉద్యోగమే అది, అయినా రాలేదు.

ఆఖరికి తట్టుకోలేక "నాన్నా!" అని అరిచాను. ఆ రోజు అరిచినట్టే.

ఆయన ఉలిక్కిపడ్డారు. కర్ర బంతికి తగిలింది. బంతి గ్లాసు అంచుని రాసుకుంటూ పక్కకి వెళ్ళి గోడ దగ్గర ఆగింది. జానెడు దూరం, తప్పిపోయింది. ఆయనకేమీ కాలేదు. ఊరికే ఆలోచిస్తున్నారు, మీరు చెప్పిన నత్తలాగే. నేనే పాడుచేశాను.

కోపగించుకుంటారని చూశాను. బంతి వంక కాసేపు చూసి "సరే" అన్నారు. ఇన్ని నెలల్లో ఆ మాటకి అర్థం ఉన్నది ఆ ఒక్కసారే. కర్ర గోడకి ఆనించారు. టోపీ తీశారు. తీసి చంకలో ఇరికించుకుని, ఎడమ చెయ్యి చాపారు. నేను పట్టుకోబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నా భుజం మీదుగా వీధి తలుపు వైపు చూస్తూ మళ్ళీ చాపారు.

ఆ బంతి పడలేదు కాబట్టి ఆ రోజు ఆట సమమేనట, మీరు ఓడిపోలేదట పెదనాన్నా. నాన్నే తేల్చేశారు.

కోపం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పోలేదు. ఈ మధ్య డాక్టరు నాతో మాట్లాడేటప్పుడు నా కళ్ళలోకి చూడటం మానేసింది. అందుకని రాస్తున్నాను. ఈ ఉత్తరం ముగించేసరికి కూడా ఆయన నడవాలోనే, కుర్చీ వేసినా కూర్చోకుండా, టోపీ చంకలో పెట్టుకుని నిలబడే ఉన్నారు. ఆ చెయ్యి నాది కాదు. ఎవరిదో వాళ్ళు వచ్చి కలిపేదాకా దించేలా లేరు.

ఆలస్యం చెయ్యకండి. మెట్లెక్కేటప్పుడే మాట్లాడటం మొదలుపెట్టండి, ఆయనకి వినపడాలి.

వాగుడుకాయ